పేరున్న ఇటాలియన్ రెస్టారెంట్ ఆ పేరుకు తగ్గట్టు ఉంటుందా?

మీరు అడిగింది ఇదీ: పెళ్లిరోజుకి ఆరుగురు కలిసి, అందరూ మెచ్చుకునే ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్తున్నారు. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి టేబుల్ దొరికింది. రివ్యూలన్నీ ఆహా ఓహో అంటున్నాయి. మీ స్నేహితుడు ఒక్కడే "పాస్తా సరిగ్గా ఉడకలేదు, పిజ్జా మధ్యలో తడితడిగా ఉంది, డబ్బులు దండగ" అన్నాడు. ఆరుగురిలో ఇద్దరు శాకాహారులు. ఇంత హడావిడికి తగ్గట్టు ఉంటుందా, ఏం ఆర్డర్ చేయాలి?

వెళ్లండి. చాలావరకు నిరాశపడరు. కాకపోతే వీలైతే టేబుల్‌ని ఏడు గంటలకి మార్చుకోండి. వీలు కాకపోతే ఎనిమిదిన్నరకి ఏ వంటకాలు బాగా వస్తాయో అవే తెప్పించుకోండి. రద్దీగా ఉండే కిచెన్ ఏడు గంటలకి ఒకలా, తొమ్మిది గంటలకి ఇంకోలా ఉంటుంది. చెఫ్ అదే, సరుకు అదే, ప్లేటులోకి వచ్చేది మాత్రం వేరు. మీ స్నేహితుడి ఫిర్యాదుల మాటకొస్తే, ఆ రెండూ వినగానే నాకు ఆ రెస్టారెంట్ మీద నమ్మకం కాస్త పెరిగింది. ఎందుకో కింద చెప్తాను.

నేను చాలా ఏళ్లు ఇటాలియన్ కిచెన్లలో, ఎక్కువగా పాస్తా స్టేషన్‌లో పనిచేశాను. ఇప్పుడు రెస్టారెంట్లకు మెనూలు కుదిర్చే పని చేస్తున్నాను. కాబట్టి నా మాటలు కిచెన్ వైపు నుంచి చూసినవి. లైటింగ్, సోఫాలు, మ్యూజిక్ గురించి నన్ను అడగకండి.

ముందు ఈ "పాపులర్" సంగతి. జనం ఎగబడుతున్నారంటే రెండు విషయాలు నమ్మొచ్చు. ఒకటి, సరుకు నిలవ ఉండదు. మొజరెల్లా, బేసిల్, చేపలు, రొయ్యలు ఏ రోజువి ఆ రోజు ఖర్చయిపోతాయి. ఖాళీగా ఉండే రెస్టారెంట్‌లో ఎంత గొప్ప చెఫ్ ఉన్నా ఈ లాభం దొరకదు. రెండు, నడిపేవాళ్లకి నడపడం వచ్చు. రుచి గురించి మాత్రం రద్దీ ఏమీ చెప్పదు. రివ్యూల్లో సగం పుట్టినరోజుకి కొవ్వొత్తి వెలిగించి తెచ్చిన వెయిటర్ గురించే ఉంటాయి. అందుకని స్టార్లు వదిలేసి ఫొటోలు చూడండి. ఒకే వంటకాన్ని వేర్వేరు రోజుల్లో వేర్వేరు మనుషులు తీసిన ఫొటోలు నాలుగైదు పక్కపక్కన పెట్టి చూస్తే చాలా తెలుస్తుంది. సాస్ పాస్తాకి పట్టుకుని మెరుస్తోందా? లేక ప్లేటు అంచున నీళ్లు ఊరి, పాస్తా ఒకవైపు, సాస్ ఒకవైపు ఉన్నాయా? అన్ని ఫొటోల్లోనూ ఒకేలా ఉంటే ఆ కిచెన్‌కి క్రమశిక్షణ ఉందని అర్థం. ఒకదాంట్లో బాగుండి ఇంకోదాంట్లో ముద్దగా ఉంటే, ఆ రెండో ఫొటో ఏ రోజు, ఏ టైమ్‌కి తీసిందో చూడండి. చాలాసార్లు వీకెండ్ రాత్రే అయ్యుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇటాలియన్ వంటల్లో, ముఖ్యంగా పాస్తాలో, పడే దినుసులు చాలా తక్కువ. కాచియో ఎ పేపే తీసుకోండి. పాస్తా, పెకొరినో రొమానో చీజ్, మిరియాలు, అంతే. ఉల్లిపాయ లేదు, వెల్లుల్లి లేదు, వెన్న కూడా లేదు. సాస్ అంటూ ముందుగా చేసి పెట్టుకునేది ఏదీ ఉండదు, పాన్‌లోనే అప్పటికప్పుడు పుట్టాలి. పాస్తా ఇంకో నిమిషం ఉడకాల్సి ఉండగానే తీసి పాన్‌లో వేస్తాం. అది ఉడికిన నీళ్లు ఒక గరిటె పోస్తాం. పిండి దిగి ఆ నీళ్లు తెల్లగా, కొంచెం చిక్కగా ఉంటాయి. మంట ఆపి, పాన్ వేడి కాస్త తగ్గాక తురిమిన చీజ్ చల్లుతూ గబగబా టాస్ చేస్తాం. వేడి ఎక్కువైతే చీజ్ విరిగి ఉండలు కట్టి గరిటెకి రబ్బరులా అతుక్కుంటుంది. తక్కువైతే కరగదు, ఇసుకలా తగులుతుంది. సరిగ్గా కుదిరితే పాలమీగడలాంటి సాస్ వస్తుంది. అయితే అది ప్లేటులో నాలుగైదు నిమిషాలకు మించి నిలవదు. వెయిటర్ పక్క టేబుల్‌కి బిల్లు ఇచ్చి వచ్చేలోపు బిగుసుకుపోతుంది.

శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి పాస్తా స్టేషన్ దగ్గర కేఓటీలు (ఆర్డర్ చీటీలు) వరసగా వేలాడుతుంటాయి. బర్నర్లన్నీ నిండిపోయి ఉంటాయి. పాన్ వేడి తగ్గేదాకా ఆగే తీరిక ఎవరికుంటుంది? మీ ఆరుగురి ఆర్డర్‌లో ఒకటి కాచియో ఎ పేపే, ఒకటి పిజ్జా, ఒకటి రిసొట్టో (చిక్కటి ఇటాలియన్ అన్నం వంటకం) అయితే, ముందు అయినది మిగతావాటి కోసం వెయిటర్లు ప్లేట్లు అందుకునే పాస్ కౌంటర్ మీద దీపం కింద నిలబడుతుంది. మంచి కిచెన్లలో కూడా ఇదే జరుగుతుంది. దీన్ని వంట రాకపోవడం అనలేం. వంటకానికీ టైమ్‌కీ పొత్తు కుదరలేదు, అంతే.

అందుకే నేను బయట తినేటప్పుడు మెనూ కంటే ముందు గడియారం చూస్తాను.

రద్దీ టైమ్‌లోనూ బాగుండేవి: గంటల తరబడి నెమ్మదిగా ఉడికి, ఆగినా చెడనివి. రాగూ (మాంసం సాస్), లసాన్యా, వంకాయతో చేసే పార్మిజానా, ఒస్సోబూకో లాంటి మాంసం వంటకాలు. ఇవన్నీ మధ్యాహ్నమే తయారైపోతాయి. రాత్రి వాటిని చెడగొట్టాలంటే కష్టపడాలి. రాగూ సంగతే చూడండి. బొలోన్యా నగరం పద్ధతిని ఇటాలియన్ వంటల అకాడమీ 1982లో అక్కడి చాంబర్ ఆఫ్ కామర్స్‌లో నమోదు చేయించింది, 2023లో సవరించింది. గొడ్డుమాంసం, పాంచెట్టా (ఉప్పు పట్టించిన పంది మాంసం), క్యారెట్, సెలెరీ, ఉల్లి, వైన్, కొంచెం టమాటా. రెండు మూడు గంటలు సన్నటి సెగ మీద ఉండాలి. ఇది స్పగెట్టీతో కాక వెడల్పాటి టాల్యటెల్లెతో వస్తే, ఆ కిచెన్‌లో ఎవరో శ్రద్ధ పెడుతున్నారని అర్థం. టమాటా రసంలో కీమా తేలుతుంటే మిగతా మెనూ కూడా అంతంతమాత్రమే అనుకోవచ్చు.

ఏడు గంటలకో, మామూలు రోజుల్లోనో తినాల్సినవి: కాచియో ఎ పేపే, కార్బొనారా, ఆల్యో ఎ ఓల్యో (వెల్లుల్లి, ఆలివ్ నూనె పాస్తా), ఆల్చిప్పలతో చేసే వోంగొలె, వేయించిన కలమారీ (స్క్విడ్), ఇంకా రిసొట్టో.

రిసొట్టో గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నిరాశ ఎక్కువగా ఎదురయ్యేది ఇక్కడే. పచ్చి బియ్యం నుంచి మొదలుపెడితే కార్నరోలీ రకానికైనా, ఆర్బోరియోకైనా 16 నుంచి 18 నిమిషాలు పడుతుంది. అందుకని చాలా కిచెన్లలో ముందే మూడొంతుల దాకా ఉడికించి ట్రేల్లో పరిచి చల్లారబెడతారు. ఆర్డర్ వచ్చాక స్టాక్ (మాంసమో, కూరగాయలో ఉడికించిన రసం) పోసి ముగిస్తారు. ఇందులో మోసమేమీ లేదు, పేరున్నవాళ్లు కూడా చేస్తారు. కానీ జాగ్రత్తగా చేసినదానికీ, అలా వదిలేసినదానికీ తేడా తెలిసిపోతుంది. సరైన రిసొట్టో ప్లేటును వేళ్లతో తడితే అలలా కదిలి పరుచుకుంటుంది. గుట్టలా నిలబడిందంటే ట్రేలో ఎక్కువసేపు ఉన్నట్టో, చివర్లో వెన్న, చీజ్ కలిపే పని పైపైన కానిచ్చేసినట్టో లెక్క. "ఇరవై నిమిషాలు పడుతుంది సార్, ఫర్వాలేదా?" అని వెయిటర్ అడిగితే సంతోషంగా ఫర్వాలేదనండి.

ఇక మీ స్నేహితుడి దగ్గరికి వద్దాం.

"పాస్తా ఉడకలేదు" అన్నాడు. డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసిన ఎండు పాస్తా పంటికి తగలాలి, అలా తగిలేలాగే దించుతారు. నిజంగా ఉడకనిదానికీ దీనికీ తేడా కనిపెట్టడం సులువే. ఒక ముక్క కొరికి అడ్డంగా చూడండి. మధ్యలో సూదిమొనంత లేత రంగు చుక్క ఉన్నా రుచిలో పచ్చివాసన లేకపోతే అది సరిగ్గా ఉన్నట్టే. సుద్దలా తగిలి పళ్లకి అతుక్కుంటే మాత్రం ఉడకలేదు, వెనక్కి పంపండి. గుడ్డు కలిపి చేసిన తాజా పాస్తా మెత్తగానే ఉంటుంది. దాంట్లో ఆ గట్టిదనం వెతకొద్దు. మీ ఇంట్లోవాళ్లకి మెత్తటి పాస్తానే ఇష్టమైతే మొహమాటపడకుండా టాల్యటెల్లె, రావియోలీ, లసాన్యా వైపు వెళ్లండి. "ఎక్కువ ఉడికించండి" అని చెప్పి ఎండు పాస్తా తెప్పించుకోవడం కంటే అదే నయం.

"పిజ్జా మధ్యలో తడిగా ఉంది" అన్నాడు. అది నాపొలి (నేపుల్స్ నగరం) పద్ధతి పిజ్జా అయ్యుంటుంది. అక్కడి పిజ్జా సంఘం 1984 నుంచీ దీనికి నియమాలు పెట్టి మరీ కాపాడుతోంది. పిజ్జా చేసే ఆ కళకి 2017లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. కట్టెల పొయ్యి వేడి 430 డిగ్రీల సెల్సియస్ పైనే ఉంటుంది. పిజ్జా లోపల ఉండేది 60 నుంచి 90 సెకన్లు. అంత తక్కువ టైమ్‌లో అంచు ఉబ్బి, అక్కడక్కడా నల్లమచ్చలు పడుతుంది గానీ టమాటాలోని తడి ఆవిరైపోదు. మధ్యలో బేస్ పావు సెంటీమీటర్ మందమే ఉంటుంది కాబట్టి చేత్తో ఎత్తితే కొస వాలిపోతుంది. కరకరలాడేది కావాలంటే రోమ్ పద్ధతిలో పల్చగా ఒత్తినది అడగాలి. అది వేరే రకం. రెండూ ఒకే చోట దొరకడం అరుదు. పిజ్జా మధ్యలో చిన్న నీళ్ల మడుగు కట్టి, బేస్ చిరిగిపోయిందంటే మాత్రం మీ స్నేహితుడిదే న్యాయం. మొజరెల్లాని వడకట్టకుండా వేశారన్నమాట. రద్దీ రోజుల్లో ఇది తరచూ జరుగుతుంది.

పిజ్జాని టేబుల్ మీద పెట్టాక ఫొటోలతో ఐదు నిమిషాలు గడిపితే ఏ పొయ్యీ కాపాడలేదు. ఇది మాత్రం కిచెన్ తప్పు కాదు.

క్రీమ్ గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. కార్బొనారాలో క్రీమ్ ఉండకూడదు, గ్వాంచాలె (పంది చెంప మాంసం), గుడ్డు, పెకొరినో, మిరియాలు మాత్రమే అని రోమ్‌వాళ్లు పట్టుబడతారు. నేనూ అలాగే చేస్తాను. కానీ 1954లో ఒక ఇటాలియన్ వంటల పత్రికలో అచ్చయిన పద్ధతిలో గ్రుయేర్ చీజ్, వెల్లుల్లి కూడా ఉన్నాయి. కాబట్టి సంప్రదాయం పేరుతో వెయిటర్‌తో గొడవకి దిగొద్దు. క్రీమ్ ఎందుకు వేస్తారో తెలిస్తే చాలు. గుడ్డు సాస్ క్షణం ఏమారితే పొరటులా అయిపోతుంది, క్రీమ్ ఉంటే అవ్వదు. ఎంతసేపు ఆగినా తట్టుకుంటుంది. రద్దీ కిచెన్‌కి అదొక ఇన్సూరెన్స్. ఆల్ఫ్రెడో పాస్తా కూడా అంతే. రోమ్‌లో ఆల్ఫ్రెడో ది లెలియో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వడ్డించిన ఫెట్టుచినేలో వెన్న, పార్మిజానో చీజ్ తప్ప ఇంకేం లేవు. క్రీమ్ గుమ్మరించడం అమెరికాలో మొదలైంది. మెనూలో పాస్తాలన్నీ తెల్ల క్రీమ్ సాస్‌లోనే ఉంటే, అక్కడ రోజంతా ఒకే సాస్ కుండ కాగుతోందని అనుకోవచ్చు.

మెనూ పొడవు కూడా చూడండి. మూడు నాలుగు పేజీల పాస్తాలు, రెండు పేజీల పిజ్జాలు, మధ్యలో బర్గర్లు, చివర్లో నూడుల్స్ ఉంటే నేనైతే పిజ్జా తిని వచ్చేస్తాను. మెనూ ఒక పేజీలో ఉండి, పైన ఈ రోజు స్పెషల్ అని చేత్తో రాసి ఉంటే ఆ స్పెషల్ ఏంటో అడుగుతాను. వెయిటర్‌ని "ఏం బాగుంటుంది?" అని అడిగితే లాభం లేదు, అన్నీ బాగుంటాయంటాడు. "ఈ రోజు కిచెన్‌లోనే చేసిన పాస్తా ఏది?" అని అడగండి. వెంటనే జవాబు వస్తే సగం టెన్షన్ తీరినట్టే.

ట్రఫుల్ (ఘాటైన వాసనుండే ఖరీదైన పుట్టగొడుగు) జోలికి పోకండి. ఇది నా చాదస్తం అనుకున్నా సరే. "ట్రఫుల్ ఆయిల్" పేరుతో వచ్చేదాంట్లో ఎక్కువభాగం మామూలు నూనెలో ల్యాబ్‌లో చేసిన వాసన కలిపినదే. అసలు తెల్ల ట్రఫుల్ సీజన్ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఉంటుంది. అప్పుడైనా కళ్లముందే తురిమి వేస్తే నమ్మాలి. నేను పనిచేసిన ఒక చోట మెనూలో ఖరీదైన వంటకాలన్నీ ఆ ఒక్క సీసా మీదే నిలబడేవి. ఫ్రెంచ్ ఫ్రైస్ మీద రెండు చుక్కలు, రిసొట్టో మీద రెండు చుక్కలు. సీసా తెరిస్తే కిచెన్ అంతా గ్యాస్ లీకైనట్టు ఉండేది.

మీ టేబుల్‌లో ఉన్న ఇద్దరు శాకాహారుల గురించి. మెనూలో పచ్చ చుక్కో, ఆకు బొమ్మో ఉందని నిశ్చింతగా ఉండకండి. పార్మిజానో రెజ్జానో, గ్రానా పడానో, పెకొరినో రొమానో, ఈ మూడు చీజ్‌లనూ దూడ లేదా గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెనెట్‌తోనే (పాలను విరగ్గొట్టే పదార్థం) చేస్తారు. అంటే అసలైన పెస్టోలో కూడా అది ఉన్నట్టే. మీవాళ్లకి అది పట్టింపు అయితే ముందే ఫోన్ చేసి అడగాలి. చాలా కిచెన్లలో వెజిటబుల్ రెనెట్‌తో చేసిన చీజ్ కూడా ఉంచుతారు. రిసొట్టో ఏ స్టాక్‌తో చేస్తున్నారో అడగండి. పుట్టగొడుగుల రిసొట్టోలోనూ చికెన్ స్టాక్ ఉండొచ్చు. పుట్టనెస్కా అనే పాస్తా సాస్‌లో ఆంచొవీ చేపలు కరిగిపోయి కనపడవు. పన్నా కోట్టా అనే క్రీమ్ డెజర్ట్‌లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, తిరమిసూలో పచ్చి గుడ్డు ఉంటుంది. నిశ్చింతగా తినగలిగేవి కావాలంటే ఎండు పాస్తాతో పొమొదోరో (టమాటా సాస్), ఆల్యో ఎ ఓల్యో, లేదా పిజ్జా మరినారా. ఆ పిజ్జాలో చీజే ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె మాత్రమే. మంచి పొయ్యి ఉన్న చోట నాకు మార్గరీటా కంటే అదే ఇష్టం.

ఆరుగురి ఆర్డర్ ఎలా పెట్టాలంటే, అందరివీ ఒకేసారి చెప్పకండి. ముందు రెండు మూడు ఆంటిపాస్టీ (భోజనానికి ముందు తినే చిరు వంటకాలు) మధ్యలో పెట్టుకోండి. అవి తింటూ ఉండగా పాస్తాలు చెప్పండి. ఆరుగురికి ఆరు రకాలు కాకుండా రెండు రకాలు, ఒక్కోటి ఎక్కువ మొత్తంలో తీసుకుంటే ఒకే పాన్‌లో ఒకేసారి చేస్తారు, అన్నీ కలిసి వేడిగా వస్తాయి. తర్వాత ఆకలిని బట్టి మాంసమో, పిజ్జానో. ఇటలీలోనూ భోజనం ఇలా ఒక్కో వంతుగానే సాగుతుంది, కాబట్టి వెయిటర్ వింతగా చూడడు. మీ పెద్దవాళ్లు ఒకరికొకరు ప్లేట్లు మార్చుకుంటూ రుచి చూడాలనుకుంటే ఆంటిపాస్టీ, పిజ్జా దగ్గర ఆ పని కానివ్వండి. పాస్తా మాత్రం వచ్చిన వెంటనే తినేయాలి.

ఏదైనా బాగోలేకపోతే రెండో ముద్దకే చెప్పండి. సగం తిన్నాక చెప్తే కిచెన్‌లో ఎవరూ నమ్మరు. "బాగోలేదు" అనకుండా ఉప్పు ఎక్కువైందనో, చల్లారిపోయి వచ్చిందనో, మధ్యలో పచ్చిగా ఉందనో చెప్పండి. లోపల మాకు పనికొచ్చేది ఆ ఒక్క మాటే. మంచి చోట మారు మాట్లాడకుండా మళ్లీ చేసి పంపుతారు.

చివర్లో తిరమిసూ తెప్పించుకోండి. ముందు రోజే ట్రేలో పేర్చి ఫ్రిజ్‌లో పెట్టేది కాబట్టి రద్దీతో దానికి సంబంధం లేదు. బిస్కెట్ కాఫీని పీల్చుకుని మెత్తబడాలి గానీ ప్లేటులో కాఫీ కారకూడదు. అది కూడా బాగోలేదంటే మాత్రం మీ స్నేహితుడికి ఫోన్ చేసి, నువ్వు చెప్పిందే నిజమని ఒప్పేసుకోండి.

ఏడు గంటలకి టేబుల్ లేదంటే అదే వారంలో మంగళవారమో బుధవారమో అడిగి చూడండి. పెళ్లిరోజు శనివారమే కాబట్టి కుదరదంటే, ఎనిమిదిన్నరకే వెళ్లి లసాన్యా, రాగూ, పిజ్జాలతో కానిచ్చేయండి, హాయిగా ఉంటుంది. మెనూ ఫొటో ఉంటే పెట్టండి, ఆ టైమ్‌కి ఏవి వదిలేయాలో చూసి చెప్తాను.